మానెడు బియ్యం, ఎనిమిది కంచాలు

పంజాగుట్టలో తాను తెరవబోయే భోజనశాలకు ‘లేమి రుచులు’ అని పేరు పెడతానన్నాడు నా మేనల్లుడు రవికాంత్. లేమికి రుచి ఉండదని, ఆ పేరు పెట్టదలిస్తే ముందు తాను మూడు రోజులు పస్తుండి చూడవలసి ఉంటుందని నేను చెప్పాను. వారం తరువాత పేరు ‘నాయనమ్మ వంటిల్లు’గా మారింది. అదీ నాకు నచ్చలేదు కాని, ఆక్షేపించడానికి కారణం దొరకలేదు. కారణం లేకుండా ఆక్షేపించడం నాకు అలవాటు లేదు.

ఆ నాయనమ్మ మా అమ్మ. రవికాంత్ ఆమెను చూడలేదు; వాడు పుట్టేనాటికే ఆమె పోయింది. వాడికి కావలసింది ఆమె కాదు, మధురానగర్‌లో నా బీరువాలో ఉన్న ఎనభై పేజీల రూళ్ళ పుస్తకం.

దాన్ని రాసింది నేను. అప్పటికి నాకు పన్నెండేళ్ళు. మా నాన్న రేపల్లెలో ఒక రైసు మిల్లు గుమాస్తా. యజమానుల తగాదాలో మిల్లు పద్నాలుగు నెలలు మూతబడింది. ఆ పద్నాలుగు నెలలూ అమ్మ ఏ దినుసుతో ఏం చేసి ఇల్లు గడిపిందో అదంతా ఆమె చెప్తుంటే నేను రాశాను. “రాసి పెట్టు, రేపు నీ ఇంట్లో పనికొస్తుంది” అనేది. మొదటి పేజీలో ఇలా ఉంటుంది: మానెడు బియ్యం. సోలెడు తెలగపిండి. రెండు దోసిళ్ళ మునగాకు. కట్టు చారుకు గిద్దెడు కందిపప్పు. ఎనిమిది మందికి. దాని కింద నా సొంత లెక్క: మానికకు పదహారు గిద్దలు, పదహారును ఎనిమిదితో భాగిస్తే మనిషికి రెండు గిద్దల బియ్యం, శేషం సున్నా. ఆ సున్నా కింద రెండు గీతలు గీశాను. లెక్క అంత శుభ్రంగా తెగినందుకు ఆ రోజు కలిగిన సంతోషం నాకింకా జ్ఞాపకం ఉంది. ఆ సంతోషమే తరువాత నన్ను తూనికలు కొలతల శాఖలో ముప్ఫైరెండేళ్ళు నిలబెట్టింది.

“అత్తయ్యా, ఇది బంగారం. ఈ పేజీ ఫొటో తీసి మెనూ కార్డు మీద అచ్చేయిస్తాను. చూడు, నీ అక్షరాలే!” అన్నాడు రవికాంత్.

“పుస్తకం ఇల్లు దాటదు. ఫొటో తీసుకో. కొలత ఒక్కటి మారినా నేనొచ్చి బోర్డు దింపిస్తాను.”

“నువ్వు ఉద్యోగంలో ఉన్నప్పుడు నిన్ను చూసి షాపులవాళ్ళు షట్టర్లు దించేసేవాళ్ళంటగా? నాన్న చెప్పాడు.”

“కొందరే. మిగిలినవాళ్ళు సరిగ్గా తూచేవాళ్ళు.”

వంటకు బుచ్చమ్మను కుదిర్చింది కూడా నేనే. మా వీధిలో ఆడపిల్లల హాస్టలు ఒకటి ఉండేది. అమీర్‌పేటలో కంప్యూటరు కోర్సులకు వచ్చే డెబ్భైమంది పిల్లలకు ఆమె పదకొండేళ్ళు వండింది. యజమాని హాస్టలు మూసి, ఆ భవనాన్ని ఆఫీసులకు ఇచ్చాడు. ఆమె ఉండేది బోరబండలో; వయసు యాభై దాటింది; చేతి కొలతకూ పాత్ర కొలతకూ తేడా రానివ్వదు. ఈ చివరి గుణం నేను డెబ్భైమంది కంచాలను మా వరండాలోంచి పదకొండేళ్ళు చూసి నిర్ధారించుకున్నది.

తెలగపిండి పొట్లం విప్పగానే ఆమె నవ్వాపుకోలేకపోయింది.

“గిదేందమ్మా, బర్లకు పెట్టే చెక్కపిండి గదా?”

“అవును. నువ్వుల నూనె తీయగా మిగిలిన పిండి.”

“గిది మనుషులకు పెట్టి, పంజాగుట్టల బోర్డు గట్టి అమ్ముతరా? మా ఆయన ఇంటే నవ్వి నవ్వి సస్తడు.” కళ్ళు తుడుచుకుంది. “మేమంటే జొన్న గటక తాగి పెరిగినం. మీరు పెద్దోళ్ళనుకున్న. మీరు సుత గిది తిన్నరా?”

“తిన్నాం. గేదెకని చెప్పి గానుగవాళ్ళ ఇంటినుంచి తెచ్చుకునేవాళ్ళం. గేదెను అప్పటికే అమ్మేశాం.”

బుచ్చమ్మ నవ్వు ఆగింది. కొంగు బొడ్లో దోపుకుని, చేతులు కడుక్కుని, “చెప్పున్రి, ఎట్ల జెయ్యాలె?” అంది.

చెప్పాను. పిండికి రెండింతల నీళ్ళు. ఉప్పు వేసి మరిగించి, మునగాకు అందులోనే ఉడకనివ్వాలి. తరువాత పిండిని ఆ నీళ్ళమీద కుప్పగా పోసి, కలపకుండా మూత పెట్టి, మంట తగ్గించి వదిలేయాలి. నీళ్ళన్నీ పిండి పీల్చుకున్నాక గరిటె కాడతో పొడిపొడిగా విడదీయాలి. ముందే కలిపితే ముద్దవుతుంది. ముద్దయితే ఎనిమిది మందికి రాదు, ఆరుగురికే వస్తుంది. పొడిగా ఉన్నదే కంచంలో ఎక్కువగా కనిపిస్తుంది. చివర వెల్లుల్లి, ఎండుమిర్చి పోపు. నూనె చెంచాడు, అంతకు మించి వీల్లేదు.

ప్రారంభానికి ఆరు రోజుల ముందు రవికాంత్ రుచి చూడటానికని ఒక మధ్యాహ్నం ఏర్పాటు చేశాడు. పుస్తకంలో ఎనిమిది మందికని ఉంది కనుక సరిగ్గా ఎనిమిది మందినే పిలిచాడు. వాడూ, వాడి భార్యా, వ్యాపారంలో వాటాదారులు ఇద్దరు, ఫొటోలు తీసేవాడు, కార్డు తయారుచేసే అమ్మాయి, వాడి తండ్రి హనుమత్ప్రసాద్, నేను. హనుమత్ప్రసాద్ నా తమ్ముడు. బ్యాంకులో మేనేజరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాడు. గోడమీద అప్పటికే అమ్మ ఫొటోను నిలువెత్తున పెట్టారు. దాని కింద పెద్ద అక్షరాలతో ఒక వాక్యం: ‘ఉన్నంతలో అందరికీ కడుపునిండా.’

బుచ్చమ్మ వడ్డించింది. తమ్ముడు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

“అదే, అక్కయ్యా. అమ్మ చేతి రుచి.”

“చేతిది కాదు, కొలతది” అన్నాను. కాని నాకూ అదే అనిపించింది. ఆ మాట దాచను.

కంచానికి రెండు గరిటెల కూర. ఎనిమిదో కంచంలో రెండో గరిటె పడేసరికి గిన్నె అడుగు కనిపించింది. అన్నమూ అంతే, చారూ అంతే. యాభైఏడేళ్ళ తరువాత, వేరే ఊళ్ళో, వేరే చేతిలో, మా అమ్మ కొలత ఒక్క మెతుకు తేడా లేకుండా తూగింది. ఆ మాట బుచ్చమ్మతో చెప్పాలని వంటింట్లోకి వెళ్ళాను.

ఆమె నాకు వీపు పెట్టి పొయ్యివైపు తిరిగి నిలబడి ఉంది. కూర గిన్నెలో వేడినీళ్ళు పోసి, అడుగంటినదాన్ని గరిటెతో గీకి, ఉప్పురాయి వేసి, ఒక పచ్చిమిరపకాయ నలిపి తిప్పుతోంది. ఆ నీళ్ళను స్టీలు గ్లాసులోకి వంచుకుంది. బూడిదరంగు నీళ్ళమీద నాలుగు మునగాకులు తేలుతున్నాయి.

“ఏం చేస్తున్నావు?”

ఉలిక్కిపడింది. “ఏం లేదమ్మా. గిన్నె కడుగుతున్న.”

“నీకు కూర తీసుకోలేదా?”

“ఏడుంది తీస్కోనీకి?” గ్లాసు పక్కన పెట్టి నవ్వింది. “మీ పుస్తకం పక్కా ఉన్నదమ్మా. ఎనిమిది మందికంటే ఎనిమిది మందికే. జరంత సుత మిగల్లే. అయినా వండినామె లెక్కల ఉండదు గద? మా అత్త గట్లనే, అందరు తిన్నంక కుండ కడిగి తాగేది. నేను కోడలుగ పోయినంక ఆమె జాగల నేనొచ్చిన. గంతే.”

నేను అక్కడే నిలబడి వేళ్ళు ముడిచి లెక్కపెట్టాను. మా నాయనమ్మ. నాన్న. మా ఇంట్లోనే ఉన్న మేనత్త. మేము పిల్లలం ఐదుగురం. ఎనిమిది. అక్కడికి వేళ్ళు ఆగిపోయాయి. అమ్మకు వేలు లేదు.

మేమంతా తిని లేచాక వంటింట్లోంచి నీళ్ళ చప్పుడు వినిపించేది. అమ్మ మాకు వీపు పెట్టి పొయ్యివైపు తిరిగి ఉండేది. గిన్నె కడుగుతోందనుకునేవాళ్ళం.

నా ఉద్యోగంలో నేను ఎన్నో మోసాలు పట్టుకున్నాను. తక్కెడ పళ్ళెం కింద మైనం ముద్ద. గుండు లోపల తొలిచిన బోలు. కొలపాత్రలో కంటికి కనిపించని రెండో అడుగు. చూడగానే ఎక్కడ దొంగతనముందో చెప్పగలనని నాకు పేరు. అటువంటి నేను పన్నెండేళ్ళ వయసులో, “ఎంతమందికమ్మా?” అని అడిగి, “ఎనిమిది మందికి” అని అమ్మ చెప్పగా, తొమ్మిది మంది ఉన్న ఇంట్లో కూర్చుని ఎనిమిది అని రాసి, శేషం సున్నా అని రెండు గీతలు గీశాను. లెక్క రాకపోవడం వల్ల జరిగిన తప్పు కాదది. నాకు లెక్క బాగా వచ్చు. చెప్పిన మనిషిని చూడకుండా చెప్పిన అంకెను రాసుకున్నాను.

భోజనాల గదిలోకి తిరిగి వచ్చాను. తమ్ముడు వేళ్ళు నాకుతున్నాడు.

“మిల్లు మూసిన ఏడాది మన ఇంట్లో ఎంతమందిమి, ప్రసాదూ?”

“నాయనమ్మ, నాన్న, అత్తయ్య, మనం ఐదుగురం. ఎనిమిది మందిమి. పుస్తకంలో ఉందిగా?”

“అమ్మ?”

వాడి వేళ్ళు కంచంలోనే ఆగాయి. “అమ్మకి ఆకలి తక్కువ, అక్కయ్యా. ఎప్పుడూ అంతే. ‘మీరు కానివ్వండి, నాకు ఆకలిగా లేదు’ అనేది కదా” అన్నాడు.

“తరువాత ఏం తినేది?”

జవాబు కోసం ఆగలేదు. నేను చెప్పాను. గ్లాసుతో సహా తెచ్చి బల్లమీద పెట్టి చెప్పాను. ఫొటోలు తీసేవాడు కెమెరా ఎత్తబోయి, నా ముఖం చూసి దించేశాడు.

“అత్తయ్యా, బాధగానే ఉంది, కాదనను” అన్నాడు రవికాంత్. “కానీ కార్డులు అచ్చుకెళ్ళిపోయాయి. అది ఒరిజినల్ కొలత. దాన్ని ముట్టుకుంటే ఇంకేం మిగుల్తుంది? అయినా ఇదంతా తినేవాళ్ళకెలా తెలుస్తుంది?”

“నాకు తెలిసింది. అది చాలు. గోడమీద ఏం రాయించావు? అందరికీ కడుపునిండా. పొట్లం మీద రాసినదానికీ లోపల ఉన్నదానికీ తేడా ఉంటే మా శాఖలో దాన్ని ఏమంటారో నీకు తెలుసు.”

“ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?”

“రెండు పనులు. ఆ పేజీలో ఎనిమిది కొట్టేసి తొమ్మిది వేస్తాను. మానెడు బియ్యం మీద రెండు గిద్దలు కలుపుతాను, తక్కిన దినుసులూ ఆ లెక్కనే పెంచుతాను. దిద్దిన పేజీ అచ్చు వెయ్యి, కొట్టివేతతో సహా. రెండోది, వంటింట్లో ఎందరు పనిచేస్తే అన్ని కంచాలు మొదటి గిరాకీ కన్నా ముందు తీసి, మూతపెట్టి పక్కన ఉంచాలి. ఎవరొచ్చినా, ఎంత అడిగినా ఆ కంచాలు కదలకూడదు. కుదరదంటే ఈ పేజీ, ఆ ఫొటో, నాయనమ్మ అన్న మాట మూడూ తీసెయ్. నీ ఇష్టం.”

వాడు తండ్రివైపు చూశాడు. తండ్రి కంచంవైపు చూస్తున్నాడు. “గోడమీద ఆ మాట కూడా తీయించెయ్యి” అన్నాడు చివరికి, తల ఎత్తకుండా. రవికాంత్ ఒప్పుకున్నాడు. నాకు భయపడి ఒప్పుకున్నాడో, న్యాయమనిపించి ఒప్పుకున్నాడో నేను విచారించలేదు. అమలైతే చాలు.

అభ్యంతరం చెప్పింది బుచ్చమ్మే.

“గిరాకి కంటే ముందుగాల నేను తింటే ఎంగిలి గాదా అమ్మా?”

“తినమనలేదు. తీసి పెట్టమన్నాను.”

“తీసి పెడ్త. గని ఎవలన్న ఆకలన్నరంటే ఇచ్చేస్త. చెయ్యి ఊకోదమ్మా. అలవాటు పడ్డది.”

“నేను అక్కడే ఉంటాను” అన్నాను.

ఉన్నాను. ప్రారంభం రోజు, ఆదివారం, పదకొండు గంటలకే వెళ్ళి వంటింటి గుమ్మం పక్కన ఎత్తు స్టూలు వేయించుకుని కూర్చున్నాను. వంటవాళ్ళు నలుగురు. ఎనభైమంది గిరాకీ అనుకున్నారు. ఎనభై నాలుగు కంచాలకు సరిపడా కొలిచారు. మా అమ్మ ఇత్తడి గిద్దతో మొదటి పదహారు గిద్దలు నేనే కొలిచి, పైన మరి రెండు పోసి, ఆ పోసినది అందరికీ చూపించాను. నాలుగు కంచాలు వడ్డించి మూతలు పెట్టి అలమరలో పై అరలో ఉంచారు. పన్నెండున్నరకు మనుషులు రావడం మొదలైంది. బయట మెట్రో రైలు వెళ్ళినప్పుడల్లా మూతలు సన్నగా మోగేవి. ఒంటిగంటకు కుర్చీలు చాలలేదు. కార్డు మీద కొట్టివేతను చూసి ఒకావిడ అచ్చుతప్పనుకుని రవికాంత్‌తో అంది. వాడు ఆమెకు ఏదో చెప్తుండటం, ఆవిడ తన కంచంవైపు, తరువాత వంటింటివైపు చూడటం నాకు కనిపించింది.

రెండుంబావుకు కూర అయిపోయింది. వంటవాళ్ళలో ముగ్గురు తమ కంచాలు దించుకుని తిన్నారు. బుచ్చమ్మ పొయ్యిలు తుడవాలంది, గిన్నెలు నానబెట్టాలంది, కాసేపాగి తింటానంది.

రెండున్నర దాటాక హనుమత్ప్రసాద్ వచ్చాడు. చెమటలు కక్కుతున్నాడు.

“కూకట్‌పల్లిలో గృహప్రవేశం, అక్కయ్యా. అక్కడ భోజనం వద్దని వచ్చేశాను. పొద్దున్నించి కాఫీ తప్ప ఏం లేదు. అమ్మ కూర తినాలని.”

“అయిపోయింది నాన్నా. ఒక్కటి ఉంచమని ఫోన్ చెయ్యొచ్చుగా? పెరుగన్నం ఉంది, పెట్టనా?” అన్నాడు రవికాంత్.

“పెరుగన్నం ఇంట్లోనూ ఉంది” అని తమ్ముడు వంటింట్లోనే బల్ల దగ్గర కూలబడ్డాడు. అరవై అయిదేళ్ళ మనిషి మూతి ముడుచుకుని కూర్చుంటే అచ్చం ఎనిమిదేళ్ళవాడిలాగే ఉన్నాడు.

నేను వాడివైపు చూస్తున్న ఆ కొద్దిపాటి సమయంలోనే జరిగిపోయింది. బుచ్చమ్మ అలమరలోంచి తన కంచం దించి, మూత తీసి, వాడి ముందు పెట్టేసింది.

“తినున్రి సారూ. పొద్దుగాలకెళ్ళి ఏం తినలేదంటున్నరు. నాకు ఆకలే లేదు.”

ఆ చివరి మాటకు తమ్ముడు ఒక్క క్షణం తటపటాయించడం నేను చూశాను. అయినా చెయ్యి కంచంమీదికి వెళ్ళింది.

నేను స్టూలు దిగి వెళ్ళి కంచం అంచు పట్టుకున్నాను.

“చెయ్యి తియ్యి, ప్రసాదూ.”

“ఆవిడే ఇస్తోంది కదా అక్కయ్యా! నేనేమన్నా లాక్కున్నానా?”

“అమ్మ దగ్గర కూడా మనం లాక్కోలేదు. ఆవిడే ఇచ్చేది.”

వాడు చెయ్యి తీశాడు. ముఖం ఎర్రబడింది, కోపమో, మరొకటో. “అమ్మయితే పెట్టేది” అన్నాడు నెమ్మదిగా.

“పెట్టేది. అందుకే యాభైఏడేళ్ళు ఎనిమిదే ఉంది.”

బుచ్చమ్మ కంగారుపడింది. “ఊకోన్రి అమ్మా, నా గురించి మీరిద్దరు లొల్లి పెట్టుకునుడేంది? ఒక్క పూట తినకుంటే సస్తనా? నాకేం ఫికర్ లేదు.”

“నాకుంది. కూర్చో.”

“సారు ముంగట కూసొని ఎట్ల తినాలె?”

“నోటితో.”

రవికాంత్‌కు నవ్వొచ్చింది. ఆమెకూ వచ్చింది. కూర్చుంది కాని, అలవాటుకొద్దీ గోడవైపు తిరిగి కూర్చుంది. స్టూలు పట్టుకుని ఇటు తిప్పించాను. మొదటి ముద్ద కలిపేవరకు నేను అక్కడినుంచి కదలలేదు.

తరువాత పొయ్యి దగ్గరకు వెళ్ళాను. పెద్ద గిన్నెను ఇంకా నానబెట్టలేదు. అందులో వేడినీళ్ళు పోసి అడుగు గీకాను. ఉప్పు వేసి, పచ్చిమిరపకాయ నలిపాను. రెండు గ్లాసుల్లోకి వంచి, ఒకటి తమ్ముడి ముందు పెట్టి, రెండోది నేను పట్టుకున్నాను.

“ఆకలన్నావు. ఇది మిగిలింది.”

వాడు గ్లాసులోకి చూశాడు. ఎత్తి తాగాడు. నేనూ తాగాను. వేడి, ఉప్పు, కారం, నోటికి తగిలే రెండు ఆకులు; కడుపులోకి వెళ్ళాక అక్కడ ఏమీ లేదు. తమ్ముడు ఖాళీ గ్లాసు కింద పెట్టి, “రోజూనా?” అన్నాడు.

“పద్నాలుగు నెలలు.”

వాడు లేచి, మొహం కడుక్కుని వచ్చి, పెరుగన్నం పెట్టమని కొడుకును అడిగాడు. వాడికి కోపం లేదని నాకప్పుడు తెలిసింది.

ఈలోగా బుచ్చమ్మ సగం కంచం తిని ఆగింది. నాలుక పైదవడకు ఆనించి ఏదో పరీక్షిస్తున్నట్టు కళ్ళు చిన్నవి చేసింది.

“ఏమిటి?”

“ఉప్పు తక్కువున్నదమ్మా. మునగాకు ఉప్పు గుంజుతది. పుస్తకం కొలతకు ఎల్లిపాయ సుత ఇంకో నాలుగు రెబ్బలు పడాలె.”

“పదిరోజుల నుంచి వండుతున్నావు. ముందే చెప్పలేదేం?”

“నేనేడ తిన్న చెప్పనీకి?” అంది, ఇంకో ముద్ద కలుపుకుంటూ.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి బీరువాలోంచి పుస్తకం తీశాను. కొట్టేసిన ఎనిమిది పక్కన తొమ్మిది ఉంది. పెన్ను తీసుకుని పిండి కొలతకు ఎదురుగా రాశాను: ఉప్పు ఇంకొక అర చెంచాడు, వెల్లుల్లి నాలుగు రెబ్బలు ఎక్కువ, తొమ్మిది కంచాలకు. దాని పక్కన బుచ్చమ్మ పేరు, తేదీ వేశాను. తరువాత పుట ఎగువన, అమ్మ చెప్పనిది, నేను అడగనిది రాశాను. అక్కడ ఖాళీగా ఉన్న వరుసలో ఇప్పుడు ఇలా ఉంది: వండినవారి కంచం ముందుగా తీసి పెట్టవలెను.